ఊరెళ్తున్నారా? పీకాల్సిన ప్లగ్గులు కొన్నే

ఊరెళ్ళేముందు గ్యాస్ కట్టేశామా, కొళాయిలు బిగించామా అన్న దాకా ఇంట్లో అందరిదీ ఒకే మాట. ప్లగ్గుల దగ్గరికి వచ్చేసరికి జట్లు రెండవుతాయి. ఒకరు మెయిన్ ఆపేసి తాళం వేద్దామంటారు. ఇంకొకరు, ఫ్రిజ్‌లో పెరుగుంది, కూరలున్నాయి, మిగతా స్విచ్‌లన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయి, ఇంకేం పీకుతాం, బస్సు టైమైపోతోంది అంటారు. ఇద్దరూ సగం సగం కరెక్టే. ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉండటం వల్లే ఈ వాదన తెగదు. బిల్లు తగ్గుతుందా అన్నది ఒకటి. సామాను కాలిపోకుండా ఉంటుందా అన్నది రెండోది. ఇల్లే అంటుకోకుండా ఉంటుందా అన్నది మూడోది. మూడింటికీ పీకాల్సిన ప్లగ్గులు వేర్వేరు.

బిల్లు సంగతి ముందు తేల్చేద్దాం, అది అన్నిటికన్నా చిన్నది. ఒక వస్తువు రాత్రింబవళ్ళు ఒక్క వాట్ లాగుతూ ఉంటే ఏడాదికి 8.76 యూనిట్లు అవుతుంది. పది రోజులకు 0.24 యూనిట్, అంటే పావు యూనిట్ కూడా కాదు. ఇప్పటి టీవీలు రిమోట్‌తో ఆపాక చాలావరకు ఒక వాట్ లోపే లాగుతాయి. యూరప్ దేశాలు 2010 నుంచి ఈ స్టాండ్‌బై ఖర్చు మీద ఒక వాట్ పరిమితి పెట్టి, 2013లో దాన్ని సగానికి తగ్గించాయి. ఫోన్ లేకుండా సాకెట్‌కి వేలాడే మంచి చార్జరైతే వాట్‌లో పదో వంతు దగ్గర ఉంటుంది. దాన్ని పీకి బిల్లు తగ్గించాననుకోవడం మనసు తృప్తికే.

నిజంగా లాగేవి రెండున్నాయి. ఒకటి సెట్‌టాప్ బాక్స్. రిమోట్‌తో ఆపితే ఎర్ర లైటు వెలుగుతుంది కానీ చాలా పెట్టెలు లోపల మెలకువగానే ఉంటాయి. పది వాట్ల దాకా పోతూనే ఉంటుంది. రెండోది వైఫై రౌటర్, అదీ ఇంచుమించు అంతే. రెండూ కలిపి 20 వాట్లు అనుకుందాం. పది రోజులకు 4.8 యూనిట్లు. యూనిట్‌కి 8 రూపాయలు వేసుకున్నా 40 రూపాయల లోపే. బస్టాండులో రెండు టీలు, ఒక బిస్కెట్ ప్యాకెట్.

నన్నడిగితే ఈ ఆదా ఊరెళ్ళినప్పటి కంటే ఇంట్లో ఉన్నప్పుడే పనికొస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. గీత దాటిన నెల మాత్రం కట్టాల్సిందే. 195, 205 మధ్య ఊగిసలాడే ఇంటికి, రోజూ టీవీ చూడని వేళల్లో సెట్‌టాప్ బాక్స్‌ని గోడ దగ్గర స్విచ్‌తో ఆపితే మిగిలే నాలుగైదు యూనిట్లు చాలా పెద్ద సంగతి. ఊరెళ్ళిన నెలలో ఎలాగూ ఫ్యాన్లు, ఏసీ, గీజర్ ఆగిపోయి మీటర్ తగ్గుతుంది. ఆ నెలలో స్టాండ్‌బై లెక్కలు వేసుకుని మథనపడక్కర్లేదు.

స్విచ్ ఆఫ్ చేస్తే చాలదా?

అమెరికాలో గోడ సాకెట్‌కి స్విచ్ ఉండదు. ఆపాలంటే పీకడమొకటే దారి. ఇంటర్నెట్‌లో తిరిగే "అన్నీ అన్‌ప్లగ్ చేసి వెళ్ళండి" సలహాల్లో చాలా వాటికి మూలం అక్కడుంది. మన బోర్డు మీద ప్రతి సాకెట్ పక్కనా స్విచ్ ఉంటుంది కదా, మళ్ళీ పీకడం ఎందుకు?

మామూలు రోజుల్లో అక్కర్లేదు. కానీ ఆ స్విచ్ ఏం చేస్తుందో, ఏం చేయదో తెలియాలి. అది తెంచేది ఒక్క తీగనే. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే కింది రెండు రంధ్రాల్లో కుడి పక్కది ఫేజు, ఎడమది న్యూట్రల్, పైన లావుది ఎర్త్. స్విచ్ ఫేజుని తెంచుతుంది. న్యూట్రల్ మాత్రం వస్తువు లోపలి దాకా కలిసే ఉంటుంది. అదైనా వైరింగ్ సరిగ్గా చేసిన ఇంట్లో. హడావిడిగా కట్టిన ఇళ్ళలో, ఇన్వర్టర్ పెట్టేటప్పుడు తీగలు మార్చిన ఇళ్ళలో, ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు ఒకటో రెండో ఉంటాయి. అక్కడ స్విచ్ తెంచేది న్యూట్రల్‌ని. వస్తువు ఆగిపోతుంది, కరెంటు మాత్రం దాని లోపలే కూర్చుని ఉంటుంది. కనిపెట్టడం తేలికే: స్విచ్ ఆఫ్‌లో పెట్టి, కింది రెండు రంధ్రాల్లో విడివిడిగా టెస్టర్ పెట్టి చూడండి. ఏదో ఒకదాంట్లో వెలిగితే ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిన సాకెట్ అది.

ఇక పిడుగు సంగతి. స్విచ్ లోపల తెరుచుకునే ఖాళీ కొద్ది మిల్లీమీటర్లు. గాలి సుమారుగా మిల్లీమీటరుకి మూడు వేల వోల్ట్ల దాకా కరెంటుని ఆపుతుంది. రోజూ ఉండే 230 వోల్ట్లకు ఆ సందు దాటరాని అగాధం. కానీ కరెంటు తీగల దగ్గర్లో పిడుగు పడితే లైన్ మీద పుట్టే పోటు వేల వోల్ట్లలో ఉంటుంది. మరీ దగ్గర పడితే పదుల వేలు. అప్పుడు ఆ సందు అడ్డం కాదు. పైగా పోటు న్యూట్రల్ మీద కూడా వస్తుంది, అక్కడ సందే లేదు. ప్లగ్ పీకి కింద పడేస్తే ఖాళీ అడుగుల్లోకి పెరుగుతుంది, అన్ని తీగలూ తెగుతాయి. స్విచ్‌కీ ప్లగ్గుకీ ఉన్న అసలు తేడా ఇదే.

తెలుగు నేల మీద పిడుగులు తక్కువేం కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు లెక్క చెప్పారు. ఏప్రిల్, మే అంటే పిల్లల సెలవులు, పెళ్ళిళ్ళు, ఇళ్ళకు తాళాలు. సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, క్యుములోనింబస్ మబ్బులూ అప్పుడే. సంక్రాంతికి వెళ్ళేవాళ్ళకు పిడుగు భయం దాదాపు లేదు, జనవరిలో ఆకాశం పొడిగా ఉంటుంది. కాబట్టి ఒకే ఇల్లు, ఒకే టీవీ అయినా, పండక్కి స్విచ్ ఆపితే సరిపోయే చోట వేసవి సెలవులకు ప్లగ్ పీకాలి.

న్యూట్రల్ పోయిన రాత్రి

పిడుగుని అందరూ చూస్తారు కాబట్టి దానికి భయపడతారు. అంతకంటే మామూలుగా జరిగి, వీధి వీధంతా టీవీలు, ఫ్రిజ్‌లు కాల్చేసేది ఇంకొకటుంది. లైన్‌మన్‌లు "న్యూట్రల్ పోయింది" అంటారు.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీధిలోకి నాలుగు తీగలు వస్తాయి: మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఒక్కో ఇంటికి ఏదో ఒక ఫేజు, దానికి తోడు న్యూట్రల్ ఇస్తారు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్ట్లు. ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య మాత్రం 400. గాలికి చెట్టుకొమ్మ పడో, స్తంభం మీద తీగలను కలిపే జంపర్ తుప్పుపట్టో న్యూట్రల్ ఒక్కటే తెగిందనుకోండి. కరెంటు పోవాలి కదా? పోదు. తిరిగి వెళ్ళే దారి లేని కరెంటు, ఒక ఇంట్లోంచి బయల్దేరి పక్క ఫేజు మీదున్న ఇంకో ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. అంటే రెండిళ్ళూ ఒకే తాడుకి గుచ్చినట్టు 400 వోల్ట్ల మధ్య ఇరుక్కుంటాయి. ఆ 400ని సమానంగా పంచుకోవు. ఎక్కువ కరెంటు వాడే ఇంటికి తక్కువ వోల్టేజి, తక్కువ వాడే ఇంటికి ఎక్కువ వోల్టేజి పోతుంది.

లెక్క తేలిక కావడానికి రెండే ఇళ్ళు అనుకుందాం. ఒకరింట్లో 2,000 వాట్ల గీజర్ నడుస్తోంది. రెండో ఇంట్లో ఫ్రిజ్, రౌటర్, ఒక లైటు కలిపి 200 వాట్లు. న్యూట్రల్ తెగిన క్షణాన గీజర్ ఇంటికి 36 వోల్ట్లు మిగులుతాయి. రెండో ఇంటి మీద 364 వోల్ట్లు పడతాయి. అసలు వీధుల్లో ఒక్కో ఫేజు మీద ఎన్నో ఇళ్ళుంటాయి కాబట్టి లెక్క ఇంత సూటిగా రాదు. కానీ సూత్రం అదే: తాళాలు వేసిన ఇళ్ళు ఏ ఫేజు మీద ఎక్కువుంటే, ఆ ఫేజు మీద మిగిలిన చిన్న చిన్న వస్తువులకే ముప్పు. పండగ రోజుల్లో సగం ఖాళీ అయిన అపార్ట్‌మెంట్లు సరిగ్గా అలాంటివి.

మీ ఇంట్లో ఏ అడాప్టర్ అయినా తిప్పి చూస్తే "ఇన్‌పుట్ 100–240" అని ఉంటుంది. లోపల ఉండే పెద్ద కెపాసిటర్ సాధారణంగా 400 లేదా 450 వోల్ట్లది. ఏసీలో 364 వోల్ట్లంటే అలల కొసన 500 దాటుతుంది. కెపాసిటర్ ఉబ్బి ఢామ్మంటుంది. ఇంట్లో మనిషి ఉంటే ఫ్యాన్ ఒక్కసారిగా విమానంలా తిరగడం, లైటు తెల్లగా మండిపోవడం చూసి పరిగెత్తి మెయిన్ ఆపేస్తారు. తాళం వేసిన ఇంట్లో ఆ పరుగు తీసేవాళ్ళు ఉండరు.

"మాకు ఎంసీబీలున్నాయి" అంటారు చాలామంది. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే బోర్డు స్విచ్; అది చూసేది కరెంటు మోతాదుని, వోల్టేజిని కాదు. ఎర్త్ లీకేజీకి పడిపోయే ఆర్‌సీసీబీ కూడా అంతే. స్పైక్ గార్డ్ ఎక్స్‌టెన్షన్ బాక్సులు రెప్పపాటు వచ్చే పోట్లను మింగడానికి తయారైనవి. నిమిషాల తరబడి 360 వోల్ట్లు నిలబడితే వాటిలోని చిన్న బిళ్ళే వేడెక్కి కాలుతుంది. పిడుగుపాటు పోటును నేలలోకి పంపడానికైనా ఎర్తింగ్ బాగుండాలి. పాత ఇళ్ళలో ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి హై వోల్టేజికి పనికొచ్చేది, వోల్టేజి గీత దాటగానే తెంచేసే కటాఫ్ ఉన్న స్టెబిలైజర్, లేదా మెయిన్ బోర్డులో పెట్టే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్. ఫ్రిజ్‌ని నడుస్తుండగా వదిలి వెళ్ళేవాళ్ళు దానికొక స్టెబిలైజర్ పెట్టుకోవడం మంచిది.

ప్లగ్ పీకినా మిగిలే తీగ

టీవీ ప్లగ్ పీకి, వెనకాల కేబుల్ వదిలేస్తే పని సగమే అయినట్టు. కేబుల్ ఆపరేటర్ లాగిన కోయాక్సియల్ తీగ స్తంభాల మీద నుంచి, డాబాల మీద నుంచి, ఒక్కోసారి కొబ్బరిచెట్టుకి చుట్టుకుని మరీ వస్తుంది. డిష్ అయితే గొడుగు డాబా మీద ఆకాశానికి ముఖం పెట్టుకునే ఉంటుంది. పోటు ఆ తీగలో దిగి సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లో టీవీలోకి వెళ్తుంది. టీవీ పవర్ ప్లగ్ నేల మీద పడి ఉన్నా హెచ్‌డీఎంఐ బోర్డు కాలిపోవడానికి ఇదే కారణం. బాక్స్ వెనక స్క్రూలా తిరిగే పిన్నుని వేళ్ళతో విప్పడానికి అర నిమిషం చాలు. వేసవి సెలవులకు వెళ్ళేటప్పుడు నేను తప్పనిసరి అనేది ఈ ఒక్కటే.

ఇంటర్నెట్ ఫైబర్‌తో వస్తుంటే ఆ గాజు పోగులో కరెంటు రాదు. కొన్ని ఫైబర్ తీగలకు బలం కోసం పక్కనే సన్నటి ఉక్కు తీగ ఉంటుంది, అది మోడెమ్ దాకా రానివ్వకుండా బయటే కత్తిరించి ఉండాలి. మోడెమ్ నుంచి కంప్యూటర్‌కి లాగిన లాన్ వైరు మాత్రం రాగిదే. డెస్క్‌టాప్ ఉంటే అదీ పీకాలి.

ఇవన్నీ బయల్దేరే ముందు చేసుకోవాలి. ఉరుములు మొదలయ్యాక వెళ్ళి తీగలు పట్టుకుని పీకడం ప్రమాదం. అప్పుడు వాటికి దూరంగా ఉండటమే పని.

నిప్పు భయం ఉన్నవి

ఇల్లు అంటుకునే ప్రశ్నకు వస్తే, టీవీ కంటే ముందు చూడాల్సినవి వేడి పుట్టించేవి, బ్యాటరీ ఎక్కించేవి. గీజర్ స్విచ్ మర్చిపోతే థర్మోస్టాట్ ఉంది కదా అని ధైర్యం చెప్పుకుంటాం. ఆ థర్మోస్టాట్ అతుక్కుపోయిన రోజు చూసుకోవడానికి మనిషి ఉండరు. దోమల మందు మెషిన్ సీసా ఖాళీ అయినా వేడెక్కుతూనే ఉంటుంది. దేవుడి గదిలో పటాల చుట్టూ తిప్పిన రంగు బల్బుల దండ ఇంకా మోసం: సన్నటి తీగ, బరువే లేని ప్లగ్, ఏళ్ళ తరబడి ఆపని స్విచ్. దీపం కొండెక్కకూడదని దాన్ని వదిలి వెళ్ళే ఇళ్ళు బోలెడు. అమ్మ ఒప్పుకోకపోయినా ఆపించండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని చార్జింగ్‌లో వదిలి వెళ్ళడం గురించి రెండో మాట లేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాద్ జిల్లాలోనూ ఇళ్ళలో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. వారాల తరబడి వాడకుండా ఉంచే లిథియం బ్యాటరీకి సగం చార్జి మంచిది, నిండుగానూ వద్దు, సున్నా దగ్గరా వద్దు. లాప్‌టాప్‌కీ ఇదే.

16 ఆంప్స్ సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే లోపల పిన్ను వదులై నిప్పురవ్వలు వస్తున్నట్టు. ఆ సాకెట్‌కి ఏదీ తగిలించి వెళ్ళకూడదు. ఏసీకి అయితే ఎంసీబీనే దించేయండి. బయట పెట్టిన యూనిట్‌లోకి వెచ్చదనం కోసం బల్లులు, చీమలు దూరి బోర్డు షార్ట్ చేయడం ఏసీ మెకానిక్‌లకు రోజూ కనిపించేదే.

మెయిన్ ఆపేస్తే తిరగబడేవి

ఇంత భయపెట్టాక మెయిన్ ఆపేయడమే మేలనిపిస్తుంది. మెయిన్ రెండు తీగలనూ తెంచుతుంది కూడా. కానీ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది ఉల్టా అవుతుంది. మెయిన్ ఆగగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ పని మొదలుపెడుతుంది. ఇంట్లో ఏదీ నడవకపోయినా తన కోసం పది, ఇరవై వాట్లు వాడుకుంటుంది. దాని మీద రౌటర్ ఉంటే ఇంకో పది. 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 1,800 వాట్-అవర్లు. రెండు మూడు రోజుల్లో పూర్తిగా దిగిపోతుంది. దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ అలాగే పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ నిండదు. వేల రూపాయల బ్యాటరీని పొదుపు కోసం చంపుకున్నట్టు. కాబట్టి ముందు ఇన్వర్టర్ ముఖం మీది స్విచ్ ఆపి, ఆ తర్వాతే మెయిన్ జోలికి వెళ్ళాలి. లేదా మెయిన్ ఉంచి, ఇన్వర్టర్‌కి వెళ్ళే ఎంసీబీ తప్ప మిగతావన్నీ దించాలి. నాకు రెండోదే నచ్చుతుంది.

డాబా మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గ్రిడ్‌కి కలిపిన సోలార్ ఇన్వర్టర్, బయటి కరెంటు కనిపించకపోతే తనంతట తాను ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. 3 కిలోవాట్ల ప్యానెళ్ళు ఎండ బాగున్న రోజు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. మెయిన్ ఆపితే సోలార్ కూడా ఆగేలా వైరింగ్ ఉంటే పది రోజులకు 120 యూనిట్లు పోతాయి, పైన లెక్కవేసిన ఐదు యూనిట్ల స్టాండ్‌బై కోసం.

సీసీ కెమెరాలు, వాటి రికార్డర్, వాటి కోసం రౌటర్ నడవాలి. చేపల తొట్టి మోటారు నడవాలి. ఫ్రిజ్‌లో సరుకు ఉంటే ఫ్రిజ్ నడవాలి, రోజుకు అర యూనిట్, ముప్పావు యూనిట్ పోతుంది. మధ్యలో ఎప్పుడైనా కరెంటు గంటల తరబడి పోయిందా అన్నది తెలియాలంటే, చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో వదలండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ మంచు పైనే ఉంటే ఫర్వాలేదు. అడుగున ఉంటే మంచు కరిగి మళ్ళీ గట్టిపడిందని, లోపలున్నది పారేయాలని అర్థం. ఇంటికంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ ఉంటే, గీజర్‌లోనో మోటార్‌లోనో కొద్దిపాటి లీకేజీకి అది పడిపోయి ఫ్రిజ్‌నీ ఆపేస్తుంది. మిగతావాటి ఎంసీబీలు దించడానికి ఇదీ ఒక కారణం.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నల లెక్క వేరు. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, ప్లగ్ పీకి, తలుపు మూసుకోకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. మూసి ఆపితే బూజు వాసన ఎన్ని నిమ్మచెక్కలు పెట్టినా పోదు. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నింపి, తాళంచెవి ఉన్న బంధువులెవరైనా నెలకోసారి వచ్చి నీటిమట్టం చూసేట్టయితే చార్జింగ్‌లో ఉంచవచ్చు. అలా వచ్చేవాళ్ళు లేకపోతే నిండా ఎక్కించి, ఎలక్ట్రీషియన్‌తో తీగలు విప్పించి వెళ్ళడం మేలు. మూసిన ఇంట్లో నెలల తరబడి నీళ్ళు ఇంకిపోతూ చార్జ్ అయ్యే బ్యాటరీ మంచిది కాదు.

తిరిగొచ్చాక తాళం తీయగానే చెయ్యి లైటు స్విచ్ మీదికి పోతుంది. ముందు ఒక్క క్షణం వాసన చూడండి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తీయాలి. అలాంటిదేమీ లేకపోతే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ రండి, ఏది వేస్తే ఆర్‌సీసీబీ పడిందో తెలుస్తుంది. గీజర్ అన్నిటికన్నా చివర. ట్యాంకులో నీళ్ళు అయిపోయి ఉండొచ్చు, వేడినీళ్ళ కొళాయి తిప్పి ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ గీజర్‌లో కాయిల్ కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.